కొండ దిగే కారు కావాలి

తిరుమల ఘాట్‌రోడ్డులో కారు కొండెక్కడానికి కనీసం 28 నిమిషాలు తీసుకోవాలి. దిగడానికి కనీసం 40 నిమిషాలు. అంతకన్నా ముందే గేటు చేరితే వేగంగా నడిపినట్టు లెక్క. ఎక్కడం కష్టం, దిగడం సులువు అని మనం అనుకుంటాం. టీటీడీ పెట్టిన ఈ నిబంధన అందుకు సరిగ్గా ఎదురు చెబుతోంది. దిగేటప్పుడు పన్నెండు నిమిషాలు ఎక్కువ తీసుకోమంటోంది. ఏళ్ల తరబడి ఆ మలుపుల్లో లక్షల బండ్లను చూసినవాళ్ల అనుభవం అందులో ఉంది.

తిరుపతిలోనో చిత్తూరులోనో కారు కొనబోయే కుటుంబం కూడా ఆ పన్నెండు నిమిషాల గురించి ఆలోచించాలి. కానీ మన దగ్గర షోరూంలో అడుగుపెట్టగానే వచ్చే మొదటి మాట వేరు. “మైలేజీ ఎంత ఇస్తాదినా?” ఆ తర్వాత ఆన్‌రోడ్ ధర, నెలకు కంతు ఎంత, అమ్మితే ఎంత వస్తుంది, తెలుపు రంగులో బండి ఎప్పుడొస్తుంది. తెలుపు మీద మనవాళ్లకున్న మక్కువకు కారణం లేకపోలేదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. ఎండలో నిలబెట్టిన నల్ల కారు తలుపు పట్టుకున్నవాళ్లకు ఆ మక్కువ వెంటనే అర్థమవుతుంది. మళ్లీ అమ్మేటప్పుడు కూడా తెల్ల బండికి గిరాకీ ఎక్కువే.

మైలేజీ ప్రశ్న మనకు బాడుగ కార్ల డ్రైవర్ల నుంచి వచ్చింది. ఊళ్లో ఎవరు కారు కొనాలన్నా ముందు తెలిసిన డ్రైవరును ఒక మాట అడుగుతారు. అది మంచి అలవాటే. రోజంతా స్టీరింగు పట్టుకునేవాడికి తెలిసినంతగా బండి సంగతి సేల్స్‌మన్‌కు తెలియదు. అయితే డ్రైవరు చెప్పే పది మాటల్లో మనం చెవినబెట్టేది మైలేజీ ఒక్కటే. మిగతా తొమ్మిదీ వదిలేస్తున్నాం.

ఒక చిన్న లెక్క వేద్దాం. సొంత కారు ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరుగుతుందనుకోండి. లీటరుకు 18 ఇచ్చే కారుకు, 21 ఇచ్చే కారుకు మధ్య ఏడాదికి తేడా 80 లీటర్ల లోపే. లీటరు 110 రూపాయలు వేసుకున్నా తొమ్మిదివేలు దాటదు. అంటే నెలకు ఏడొందల చిల్లర. అదే తేడా ఏడాదికి అరవైవేల కిలోమీటర్లు తిరిగే బాడుగ కారుకైతే యాభైవేలు దాటుతుంది. ఆ డబ్బుతో పిల్లల ఫీజు కట్టుకోవచ్చు. కాబట్టి డ్రైవరు మైలేజీ గురించి అంత పట్టుగా అడగడంలో న్యాయముంది. నెలకు రెండుసార్లు అత్తగారి ఊరికి, ఏడాదికోసారి అరుణాచలానికి వెళ్లే కుటుంబం కూడా అదే పట్టుతో అడిగి, నెలకు ఏడొందల కోసం బ్రేకును, సీటును, బెల్టును పక్కన పెడితేనే నష్టం.

తిరుపతి డ్రైవరు రోజు

రైల్వేస్టేషను దగ్గరో రేణిగుంట విమానాశ్రయం దగ్గరో తెల్లవారకముందే మొదలవుతుంది తిరుపతి బాడుగ కారు పని. అలిపిరి తనిఖీ, కొండపైన దర్శనమయ్యేదాకా పార్కింగులో కాపు, మధ్యాహ్నం తిరుచానూరు, సాయంత్రం శ్రీకాళహస్తి. మరుసటి రోజు కాణిపాకం, అటునుంచి వేలూరు శ్రీపురం స్వర్ణ దేవాలయం, కుదిరితే అరుణాచలం. ఈ మధ్య పౌర్ణమి వచ్చిందంటే అరుణాచలం ట్రిప్పుకు కారు దొరకడమే గగనం.

ఇలాంటి పని చేసే మనిషి కారులో మొదట చూసుకునేది తన సీటు. దర్శనానికి వెళ్లిన యాత్రికులు ఎప్పుడొస్తారో చెప్పలేని కొండమీద అతను నిద్రపోయేది ఆ సీటులోనే. అది ఎంత వెనక్కి వాలుతుంది, నడుముకు ఆనుతుందా, మోకాలు స్టీరింగుకు తగులుతుందా అని చూస్తాడు. సరిగా నిద్రపోని డ్రైవరు రాత్రి పూతలపట్టు దగ్గర రెప్ప వాలిస్తే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. సొంతంగా నడుపుకునేవాళ్లకు ఇది అక్కరలేదని అనుకోకండి. చిత్తూరు నుంచి బెంగళూరు దాదాపు 180 కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు ముగించుకొని అక్కడి నుంచి బయలుదేరే మన పిల్లలు పలమనేరు దాటేసరికి ఏ స్థితిలో ఉంటారో వాళ్ల తల్లిదండ్రులను అడగండి.

ఆ తర్వాత వెనక సీటు. యాత్రికుల్లో పెద్దవాళ్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న అవ్వ కిందికి వంగి కూర్చోవాల్సిన కారయితే దిగేటప్పుడు ఇద్దరు చేయి పట్టాలి. మరీ ఎత్తయితే ఎక్కడమే గండం. తొడల ఎత్తుకు సీటు ఉండి, తలుపు వెడల్పుగా తెరుచుకునే బండినే డ్రైవర్లు మెచ్చుకుంటారు. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి రోగులను తీసుకెళ్లే డ్రైవరుకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఆపరేషనైన మనిషిని వెనక పడుకోబెట్టి తెచ్చేటప్పుడు స్పీడుబ్రేకరు ఎక్కిన ప్రతిసారీ మూలుగు వినిపిస్తుంది. మెత్తని సస్పెన్షనుకు విలువ కట్టేది అతనే. ఇంట్లో పెద్దవాళ్లుంటే షోరూంకు వాళ్లను కూడా తీసుకెళ్లండి. నడిపేది మీరే అయినా ఎక్కువసేపు వెనక కూర్చునేది వాళ్లు.

మన రోడ్ల మీద బండ్లు మారిన తీరు చూసినా డ్రైవర్ల తీర్పు తెలుస్తుంది. అంబాసిడర్లు, కొండకు మనుషులను చేరవేసిన మహీంద్రా జీపులు ఏలిన రోజులు కొన్ని. 2000లో క్వాలిస్ వచ్చింది, 2005లో దాని స్థానంలో ఇన్నోవా వచ్చింది. ఆ తర్వాత డిజైరు, ఎతియోస్, ఎర్టిగా. వీటిలో ఏదీ చూపులకు మురిపించే బండి కాదు. ఎక్కువ కిలోమీటర్లు తిరిగినా నిలబడతాయి, స్పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి, పలమనేరులో ఆగిపోయినా కుప్పంలో ఆగిపోయినా చేయి పెట్టే మెకానిక్కు ఉంటాడు. ఆ నమ్మకమే వాటిని నిలబెట్టింది. టవేరా చాలా ఏళ్లు పనిచేసిన బండే. కానీ 2017 చివర్లో షెవర్లే మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. 2021లో ఫోర్డు కూడా ఇక్కడ తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఇలాంటప్పుడు కంపెనీ పేరెంత పెద్దదైనా, మనకు దగ్గర్లో సర్వీసు సెంటరు ఉందా లేదా అన్నదే చివరికి తేల్చే సంగతి.

ఆ 40 నిమిషాల్లో ఏం జరుగుతుంది

ఇప్పుడు కొండ దిగే దారిలోకి వద్దాం. 1944లో తెరిచిన మొదటి ఘాట్‌రోడ్డే ఇప్పుడు దిగే దారి. దాని ప్రణాళికలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పాత్ర ఉంది. సుమారు 19 కిలోమీటర్ల పొడవు, 36 వంపు మలుపులు. ఎక్కే బండ్లకు 1974లో రెండో రోడ్డు వచ్చింది.

ఏడుగురు మనుషులు, వాళ్ల పెట్టెలు, లడ్డూ సంచులు కలిపితే ఒక పెద్ద కారు బరువు 2,300 కిలోల దాకా పోతుంది. అంత బరువు దాదాపు 700 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగాలి. ఆ దిగడంలో పుట్టే శక్తిని కరెంటులోకి మార్చి లెక్కిస్తే నాలుగు యూనిట్లు దాటుతుంది. ఇంట్లో ఏసీని మూడు గంటలు నడిపేంత శక్తి అది. అదంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి. బ్రేకు తొక్కుతూనే దిగితే మొత్తం బ్రేకు ప్యాడ్లలోకి, డిస్కుల్లోకి వేడిగా పోతుంది. గేరులో దిగితే చాలాభాగం ఇంజను మింగుతుంది.

అనుభవమున్న డ్రైవరు దిగే తీరు గమనించండి. మలుపు కనబడకముందే రెండో గేరులోకి వస్తాడు. ఇంజను గొంతు కాస్త పెరుగుతుంది, బండి తనంతట తాను బిగబట్టుకున్నట్టు నెమ్మదిస్తుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచడు. అవసరమైనచోట గట్టిగా ఒకసారి తొక్కి వదిలేస్తాడు. ముందు వెళ్లే బండి ఎర్రలైటు మలుపు మలుపుకూ ఆగకుండా వెలుగుతుంటే దూరం పెంచుతాడు. ఆ బండి దగ్గర కాలిన వాసన వస్తుందని అతనికి తెలుసు. కొత్తగా కారు కొన్నవాళ్లు చాలామంది ఆ వాసన రాగానే క్లచ్ పోయిందేమో అనుకుంటారు. అది ప్యాడ్లు ఉడుకుతున్న వాసన. ఇంకాస్త ముందుకు పోతే పెడలు మెత్తబడుతుంది, తొక్కినా బండి ఆగదు.

పెడలు మెత్తబడటానికి ఇంకో కారణం బ్రేకు ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు వేడికి త్వరగా మరిగి లోపల బుడగలు కడుతుంది. కాలితో ఎంత తొక్కినా నొక్కుకునేది ఆ బుడగలే, బ్రేకు పట్టదు. అందుకే రెండేళ్లకోసారి ఆయిలు మార్చమంటారు. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంజను శబ్దం వింటారు, ఏసీ చల్లదనం చూస్తారు. బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారని అడిగేవాళ్లు అరుదు. దయచేసి అడగండి.

ఇంధనం మిగులుతుందని కొందరు న్యూట్రల్‌లో దించుతారు, ఇంకొందరు ఇంజనే ఆపేస్తారు. ఇది ప్రాణాలతో చెలగాటం. ఇంజను ఆగితే పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది, నాలుగైదుసార్లు తొక్కేసరికి బ్రేకుకు అందే సాయం కూడా పోతుంది. పైగా అందులో మిగిలేది కూడా ఏమీ లేదు. ఈనాటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంధనం లోపలికి పోవడం ఆగిపోతుంది. అంటే గేరులో దిగేవాడికే ఖర్చు తక్కువ.

మన జిల్లాలకు ఘాట్లంటే తిరుమల ఒక్కటే కాదు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో, ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్నవాళ్ల బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో బంగారుపాళెం దగ్గర మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని పలువురు చనిపోయారు. తప్పు ఏ బండిదైనా ఆ దారిలో మన కారు కూడా ఉంటుంది. అందుకే ఇక్కడ కారు కొనేవాళ్లకు బ్రేకులు, టైర్లు, నాలుగు చక్రాల పట్టు తప్పిపోకుండా చూసే ఈఎస్‌సీ అదనపు హంగులు కావు. సన్‌రూఫ్ కోసం పై వేరియంటుకు వెళ్లేవాళ్లు అదే డబ్బుకు ఈఎస్‌సీ, వాలులో వెనక్కి జారకుండా ఆపే హిల్‌హోల్డు వస్తున్నాయా లేదా చూసుకోవాలి. క్లచ్ పెడలు లేని ఏఎంటీ బండ్లు ఊళ్లో హాయిగా ఉంటాయి. ఎత్తులో ఆగి మళ్లీ కదిలేటప్పుడు హిల్‌హోల్డు లేకపోతే కొన్ని వెనక్కి జారతాయి. కొనేముందే వాలులో పరీక్షించాల్సిన విషయమిది.

విద్యుత్ కార్ల విషయంలో నా అభిప్రాయం ఘాట్‌రోడ్డే మార్చింది. బ్యాటరీ బండి కొండ దిగేటప్పుడు మోటారే బండిని పట్టి ఆపుతూ, ఆ శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి నింపుతుంది. బ్రేకులకు వేడి తక్కువ, ప్యాడ్ల అరుగుదల తక్కువ. 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ విద్యుత్ బస్సులు తిరుమల ఘాట్‌లో తిరుగుతున్నాయి. బస్సు దిగగలిగిన దారిలో కారు దిగలేదా? తిరుపతిలో ఉంటూ చెన్నై, చిత్తూరు, కాళహస్తి తిరిగేవాళ్లకు, ఇంట్లో చార్జింగుకు చోటుంటే, నేను విద్యుత్ కారునే సూచిస్తాను. తరచూ హైదరాబాదు వెళ్లేవాళ్లు దారిలోని చార్జింగు చోట్లు ముందే చూసుకోవాలి.

మూడు బెల్టులు

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూసింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటికీ పెద్దల రక్షణలో సున్నా స్టార్లే వచ్చాయి. అప్పటిదాకా రేకు మందం వేలితో తట్టి చూసుకున్న దేశానికి అదొక దెబ్బ. 2018లో టాటా నెక్సాన్ ఐదు స్టార్లు తెచ్చుకుంది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన సొంత పరీక్షలే వచ్చాయి. ఇప్పుడు కొనబోయే కారుకు ఎన్ని స్టార్లు వచ్చాయో ఫోనులో నిమిషంలో తెలుసుకోవచ్చు. చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ మిగిలిన డబ్బును అలాయ్ వీల్స్‌కు కాకుండా రక్షణ ఎక్కువున్న వేరియంటుకు పెట్టమని నా మనవి.

అయితే స్టార్లు ఎన్నున్నా బెల్టు పెట్టుకున్నవాళ్లకే పూర్తి ఫలం. మూడుచోట్ల బిగించే సీటుబెల్టును 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. ఆ పేటెంటును వోల్వో మిగతా కంపెనీలు కూడా వాడుకునేందుకు వదిలేసింది. అన్నేళ్ల తర్వాత కూడా, కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది. వాళ్లలో డ్రైవర్లు 8,384 మంది, ప్రయాణికులు 8,331 మంది. దాదాపు సగం సగం. అదే ఏడాది సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఖరీదైన కారులో, వెనక సీటులో, బెల్టు లేకుండా చనిపోయారు.

మన దగ్గర వెనక బెల్టు సంగతి చూడాలంటే ఏ పార్కింగుకైనా వెళ్లి నాలుగు కార్లలోకి తొంగిచూస్తే చాలు. కొత్త కారు ఇంటికి రాగానే మందపాటి సీటు కవర్లు వేయిస్తాం. బెల్టు గుచ్చే బకిళ్లు ఆ కవర్ల కింద, సీటు సందుల్లో మునిగిపోతాయి. ముందు సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో, దానికి దారి వదలని కవరు వేస్తే అది విచ్చుకోవాల్సినప్పుడు అడ్డుపడుతుంది. బెల్టు పెట్టుకోలేదని కారు మోగుతుంటే దాన్ని మోసగించడానికి ఖాళీ క్లిప్పు కొని గుచ్చేవాళ్లున్నారు. అలాంటి క్లిప్పులను ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేయాలని 2023లో వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించింది కూడా. ఇక ముందు సీటులో తల్లి ఒడిలో చంటిబిడ్డ! తిరుమల నుంచి గుండుతో దిగే ఆ బిడ్డను చూసినప్పుడల్లా గుండె జారిపోతుంది. ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటే మొదటి దెబ్బ ఆ బిడ్డకే. పిల్లలున్న ఇంట్లో కారుతోపాటు చైల్డ్ సీటు కూడా బడ్జెట్టులో రాసుకోవాలి.

కొత్త కారును కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందో, అలిపిరి పాదాల మండపం దగ్గరో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కదిలించడం మన ఆచారం. ఆ పూజలో ఇంటిల్లిపాది క్షేమం కోరుకుంటాం. అదే రోజు, అదే చోట, అందరూ బెల్టులు పెట్టుకొని బయలుదేరడం కూడా ఆ కోరికలో భాగమే.

టైర్ల గురించి కూడా ఒక మాట. మన చిన్నపండూరులోనే అపోలో టైర్లు తయారవుతున్నాయి, కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, శ్రీసిటీలో ఇసుజు పికప్‌లు. వాహనాల్లోకి వెళ్లే ఇన్ని సరుకులు మన గడ్డ మీద తయారవుతుంటే, కొనేటప్పుడు వాటిని పరీక్షించే తెలివి మనకు ఇంకా ఎక్కువుండాలి. టైరు పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 3524 అని ఉంటే 2024లో 35వ వారంలో తయారైన టైరు. సెకండ్‌హ్యాండ్ కారు టైర్లకు గాట్లు ఎంత లోతున్నా, ఆ అంకెలు ఆరేళ్ల కిందటివైతే మన ఎండకు రబ్బరు గట్టిపడి ఉంటుంది. టైర్ల ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. నాలుగింటితోపాటు స్టెప్నీ కూడా చూడండి.

షోరూం వాళ్లు ఇచ్చే టెస్ట్ డ్రైవు చదునైన బైపాస్ మీద పది నిమిషాలు. అది చాలదు. మీకు నచ్చిన మోడలే బాడుగకు తిరుగుతుంటే ఒకరోజుకు మాట్లాడుకోండి. ఇంటిల్లిపాదీ ఎక్కి, సామాన్లు పెట్టుకొని కొండకు వెళ్లిరండి. దిగేటప్పుడు డ్రైవరు పక్కన కూర్చొని రెండో గేరులో బండి ఎలా పట్టుకుంటుందో చూడండి. ఆ అన్నను అడగండి, తన డబ్బుతో మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాడా అని. ఏ షోరూంలోనూ దొరకని జవాబు దొరుకుతుంది. తర్వాత షోరూంకు వెళ్లి వెనక సీటులో మధ్యలో కూర్చోండి. మూడు బెల్టులూ ఎక్కడున్నాయో వెతికి, లాగి, గుచ్చి చూడండి. ఆ మూడూ సరిగా పనిచేసే కారుకే అడ్వాన్సు కట్టండి.